ఉప్పు చెక్క

మా పెరట్లో నేలని నమ్మలేం.
అడుగు తవ్వితే నూనె వాసన,
రెండో అడుగులో ఎవరింటివో పాత పెంకులు,
మూడో అడుగులో ఉప్పునీళ్లు.
మల్కాపురంలో ఇల్లు కట్టినవాడికి
పునాది దొరుకుతుంది గానీ పాదు దొరకదు.

అంచేత నేలనే కాస్త పైకెత్తాం.
మోకాలెత్తు మడులు, మూడు.
రెండింటికి గోడలు సిమెంటు ఇటుకలు,
మూడోదానికి
మైలపల్లి దానయ్య పడవ.

పడవంటే పడవ కాదు,
తుపానుకి రాయెక్కి నడుం విరిగాక
మిగిలిన ఆరు చెక్కలు.
"పొయ్యిలో ఎట్టడానికి మనసొప్పనేదు, నువ్వట్టుకుపో" అన్నాడు.
ఒకదాని మీద నీలం రంగులో
"మ్మ తల్లి" అని మిగిలింది.
ఏ అమ్మో నేనడగలేదు.

పెందుర్తి నుంచి ఆటోలో ఎర్రమట్టి,
పాల బంగారమ్మ ఇచ్చిన గెత్తం రెండు గోనెలు,
చెరుకురసం బండి దగ్గర పిప్పి,
రొయ్యల పొట్టు కూడా. దాని వాసనకి
పక్కింటివాళ్లు వారం మాతో మాట్లాడలేదు.

దసరాకి నారు, నాగులచవితికి నాటు.
క్యాబేజీ, కాలీఫ్లవరు, ముల్లంగి, మెంతికూర.
బస్తాలు కుట్టే పురికొసతో వరసలు కట్టాను.
కార్తీకం చివర్లో వాయుగుండం.
మూడు రాత్రులు టార్పాలిన్ అంచులు పట్టుకుని
నేనూ సన్యాసమ్మా చెరో పక్క కూర్చున్నాం.
"శవం దగ్గర జాగారంలా ఉంది" అందామె.
నోర్ముయ్యమన్నాను.

తెల్లారి చూస్తే పడవ చెక్కల వెంబడి
జానెడు మేర ఏదీ నిలబడలేదు.
ఇరవై ఏళ్లు తాగిన సముద్రాన్ని
మూడు రాత్రుల వానకి
చెక్క కక్కేసింది.

"ఆ చెక్కలు పీకి పారెయ్" అంది సన్యాసమ్మ.
పీకలేదు. జాలి కాదు, బద్ధకం.
పొట్లంలో అడుగున మిగిలిన బీటు గింజలు
ఆ ఖాళీలో గుచ్చాను.
నలిగిన మిరియాల్లా ఉంటాయవి,
ఒక్కోదాంట్లోంచి మూడు నాలుగు లేస్తాయి.
లేచాయి.

పుష్యం వచ్చింది.
మా ఊరి చలి ఏపాటిది, భుజమ్మీద తువ్వాలు చాలు.
ఆ మాత్రానికే కాలీఫ్లవరు ఆకుల మధ్య
తెల్లగా ఏదో గుట్టు దాచింది.
పొద్దున్నే ఆకుల మీద నల్లటి పొడి.
వేలితో గీస్తే గీత పడుతుంది.

వీధిలో అందరూ పోర్టుని తిడతారు.
నేను తిట్టలేను.
ఇరవై తొమ్మిదేళ్లు ఆ బొగ్గు బెల్టు తిప్పినవాణ్ణి.
ఓడ దిగినదాన్ని దిగినట్టు
సగం వ్యాగన్లకీ పిడికెడు గాలికీ అప్పగించినవాణ్ణి.
అప్పుడది ఎవరి దండెం మీద వాలిందో,
ఎవరి పాలగిన్నెలో పడిందో.
ఇప్పుడు తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తుంటే
గుమ్మంలోంచి సన్యాసమ్మ,
"నీ డూటీ ఇంకా అవ్వలేదేటి?"

మాఘం మొదట్లో దానయ్య వచ్చాడు.
కూరల వైపు చూళ్లేదు.
చెక్క మీద అరచెయ్యి వేసి
మేకు మేకునీ తడుముకుంటూ నడిచాడు.
ఒక మూల ఆగాడు.
"ఇక్కడే కారీది. తారు ఎంత పూసినా ఇక్కడే."

ఇప్పుడూ కారుతోంది.
పొద్దున నేను పోసిన నీళ్లు
ఆ మూల నుంచే, బొట్టు బొట్టుగా,
లోపల్నుంచి బయటికి.
అతను నవ్వాడో
గొంతు సవరించుకున్నాడో.

ఆ మూలనే ఒక బీటుదుంప పీకాను, పిడికిలంత.
కుళాయి కింద పట్టుకుంటే
ముందు నలుపు వదిలింది, తర్వాత మట్టి ఎరుపు,
ఆ తర్వాత దాని సొంత ఎరుపు.
కోసిస్తే పచ్చిదే నమిలాడు.
"ఉప్పగుంది" అన్నాడు.
నాకు తియ్యగానే ఉంది.
సన్యాసమ్మ రెండు ముక్కలు తిని కూడా
ఎటూ తేల్చలేదు.

ముగ్గురి పళ్లూ ఎర్రగా అయ్యాయి.

వెళ్తూ వెళ్తూ
ఆ మూలకి ఇంత బంకమట్టి మెత్తమని చెప్పాడు.
ఇంకా మెత్తలేదు.